కీళ్లవాతానికి బయోసిమిలర్ మందులు: ఖర్చెంత, ఫలితమెంత?

పుదుచ్చేరి పట్టణంలో ఇందిరా నగర్ దాటి గోరిమేడు వైపు వెళ్తే జిప్‌మర్ ఆసుపత్రి వస్తుంది. తమిళనాడు జిల్లాల నుంచి, మన యానాం నుంచి కూడా రోగులు ఇక్కడికి వస్తారు. పుదుచ్చేరి పాలనలోనే ఉన్నా యానాం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అక్కడ జిప్‌మర్ శాఖ 2024 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యేదాకా యానాం వాళ్లకు రైలు ప్రయాణం తప్పేది కాదు. ఈ ఆసుపత్రిలో క్లినికల్ ఇమ్యునాలజీ అని ఒక విభాగం ఉంది. పొద్దున్నే చేతివేళ్లు బిగుసుకుపోయి, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికీ చెంబు ఎత్తడానికీ కష్టపడే స్త్రీలు వైద్యం కోసం వచ్చే విభాగం అది. వాళ్ల జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన ఇళ్లలో కీళ్లవాతం అంటాం.

ఈ పాఠంలో ఆ జబ్బుకు వాడే ఒక కొత్తరకం మందుల గురించీ, వాటి ధర గురించీ తెలుసుకుందాం. మందు పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న. పెట్టిన డబ్బుకు తగినంత పనిచేస్తుందా అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జీవశాస్త్రం జవాబు చెబుతుంది. రెండోదానికి జీవశాస్త్రంతోబాటు కూడికలు, తీసివేతలు, భాగహారాలు కూడా కావాలి. ఎనిమిదో తరగతి లెక్కలు వస్తే చాలు.

జబ్బు సంగతి

కీళ్లవాతం, వయసు మీరాక వచ్చే కీళ్ల అరుగుదల ఒకటి కావు. అరుగుదల అంటే ఏళ్ల తరబడి వాడిన కీలులో మృదులాస్థి పలచబడటం. కీళ్లవాతంలో మాత్రం మన వ్యాధి నిరోధక వ్యవస్థే దారి తప్పి, కీలు లోపల ఉండే సన్నని సైనోవియల్ పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర ఉబ్బి మందమై మృదులాస్థిలోకీ ఎముకలోకీ చొచ్చుకుపోతుంది. చిన్న కీళ్లు, ముఖ్యంగా వేళ్లూ మణికట్టూ, రెండు వైపులా ఒకేసారి దెబ్బతింటాయి. పురుషులకంటే స్త్రీలలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీ దగ్గరి గ్రామాల్లో జరిపి 1993లో ప్రచురించిన ఒక సర్వేలో పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. అంటే వెయ్యి మందిలో ఏడెనిమిది మంది. వినడానికి చిన్న అంకే. కానీ మన దేశ జనాభాతో హెచ్చవేసి చూడండి.

ఇందులో కాలం చాలా ముఖ్యం. జబ్బు మొదలైన తొలి రెండేళ్లలోనే ఎముక కొరుక్కుపోవడం మొదలవుతుంది. అలా పోయిన ఎముకను ఏ మందూ తిరిగి తేలేదు. అందుకే మందు ఆలస్యమైతే నష్టం నొప్పితో ఆగదు. వంకర తిరిగిన వేళ్లు జీవితాంతం అలాగే ఉంటాయి.

భీమవరం నుంచి వచ్చిన మాత్ర

ఖరీదైన మందుల జోలికి వెళ్లేముందు చవకైన మందు గురించి చెప్పాలి. కీళ్లవాతం చికిత్సకు ఇవాళ్టికీ మూలస్తంభం మెథోట్రెక్సేట్. ఈ మందు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో, మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో రూపొందింది. ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే అణువులను వారి బృందం తయారుచేసింది. అవి మొదట పిల్లల రక్త క్యాన్సర్‌కు ఉపయోగపడ్డాయి. సుబ్బారావుగారు 1948లో కన్నుమూశారు. 1951లో అదే కుటుంబానికి చెందిన అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం రోగులకు ఇచ్చి చూశారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి ఆమోదించడానికి మాత్రం 1988 దాకా పట్టింది. ఇంకొక సంగతి. ఈ మందు వాడేవాళ్లకు డాక్టర్లు తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిందీ ఆ లెడర్లే బృందమే. రోగి చేతిలోని రెండు మాత్రలకూ పుట్టిల్లు ఒకటే అన్నమాట.

మెథోట్రెక్సేట్ మాత్ర కొద్ది రూపాయలకే దొరుకుతుంది. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే చీటీ మీద వారం పేరు స్పష్టంగా రాసి ఉందో లేదో ఇవాళే చూడండి. ఈ మాట పాఠానికి బయటిదైనా చెప్పకుండా ఉండలేను.

చాలామందికి ఈ మాత్రతో, అవసరమైతే సల్ఫాసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు కలిపి, జబ్బు అదుపులోకి వస్తుంది. కొందరికి రాదు. బయలాజికల్ మందుల అవసరం వచ్చేది వాళ్లకే.

బయలాజికల్ అంటే ఏమిటి?

వాపు పుట్టించే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కొన్ని ప్రోటీన్లను వాడతాయి. వాటిలో ముఖ్యమైనది టీఎన్ఎఫ్. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ అనే శాస్త్రజ్ఞులు ఆ ఒక్క కబురును ఆపితే చాలు, వాపు తగ్గుతుందని భావించి, 1992లో కీళ్లవాతం రోగులకు టీఎన్ఎఫ్‌ను పట్టుకునే ప్రతిరక్షకాన్ని ఇచ్చారు. కుర్చీలోంచి లేవలేనివాళ్లు మెట్లెక్కారు. దాని ఫలితంగానే తర్వాతి ఏళ్లలో ఎటనర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ అనే మందులు బజారులోకి వచ్చాయి. రిటుక్సిమాబ్ దారి వేరు. అది ప్రతిరక్షకాలను తయారుచేసే బి కణాలను తగ్గిస్తుంది.

ఇక్కడ అణువు పరిమాణం గమనించండి. ఆస్పిరిన్ అణుభారం 180. మెథోట్రెక్సేట్‌ది 454. అడాలిముమాబ్‌ది సుమారు 1,48,000! అందులో 1,330 అమైనో ఆమ్లాలు నాలుగు గొలుసులుగా కూర్చి, మడతలు పడి, వాటి మీద చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. ఇంత పెద్ద అణువును గాజు పాత్రలో రసాయనాలు కలిపి చేయలేం. చైనీస్ హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు అండాశయ కణాల్లో జన్యువును ప్రవేశపెట్టి, ఆ కణాలను పెద్ద ఉక్కు తొట్లలో పెంచి, అవి స్రవించే ప్రోటీన్‌ను వడగట్టి శుద్ధి చేస్తారు. ఉష్ణోగ్రత, ఆహారం, ఆమ్లత కొంచెం మారినా చక్కెర గొలుసులు మారతాయి. ఒకే పాలు, ఒకే తోడు అయినా మీ ఇంటి పెరుగూ పక్కింటి పెరుగూ ఒకటిగా ఉండవు కదా. ఇదీ అలాంటిదే.

అందుకే పారాసిటమాల్‌కు జెనెరిక్ ఉన్నట్టు అడాలిముమాబ్‌కు జెనెరిక్ ఉండదు. ఉండేది బయోసిమిలర్, అంటే అచ్చంగా అదే కాకపోయినా పనిలో తేడా లేనంత దగ్గరి పోలిక గలది. మన దేశ నిబంధనల్లో దీన్ని 'సిమిలర్ బయలాజిక్' అంటారు. ఆ నిబంధనలు 2012లో వచ్చాయి, 2016లో సవరించారు. తయారీదారు ముందు ప్రయోగశాలలో అణువును అసలుదానితో పోల్చి చూపాలి. తర్వాత జంతువుల్లో, చివరికి మనుషుల్లో పోల్చాలి. జెనెరిక్ మాత్ర తయారీకి కొన్ని లక్షల డాలర్లు, మహా అయితే కొద్ది మిలియన్లు చాలు. బయోసిమిలర్‌కు పాశ్చాత్య దేశాల్లో పది కోట్ల డాలర్లు, ఒక్కోసారి అంతకు మించి అవుతాయని అంచనా. కాబట్టి జెనెరిక్ మాత్రలా ధర పదో వంతుకు పడిపోతుందని ఆశించడం సరికాదు.

హైదరాబాదు చేసిన పని

ఈ రంగంలో తెలుగునాడుకు మంచి చరిత్రే ఉంది. 1997లో వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ 'షాన్‌వాక్-బి' అనే హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. జన్యు ఇంజనీరింగ్ ద్వారా మన దేశంలో తయారైన తొలి ఉత్పత్తి అది. దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే దొరికింది. పదేళ్ల తర్వాత, 2007లో, డాక్టర్ రెడ్డీస్ 'రెడిటక్స్' పేరుతో రిటుక్సిమాబ్ బయోసిమిలర్‌ను తెచ్చింది. ప్రతిరక్షక మందుకు బయోసిమిలర్ రావడం ప్రపంచంలో అదే మొదలు. ధర అసలు మందులో సుమారు సగం. మొదట అది లింఫ్ గ్రంథుల క్యాన్సర్ కోసం వచ్చినా తర్వాత కీళ్లవాతానికీ వాడుకలోకి వచ్చింది. అయితే నిబంధనలు 2012లో వచ్చాయని ఇందాక చెప్పుకున్నాం. మందు ఐదేళ్లు ముందే వచ్చింది. దీన్ని సాహసం అనాలా తొందరపాటు అనాలా అన్న చర్చ చాలాకాలం నడిచింది. నా ఉద్దేశంలో ఆ చర్చ జరగడం మంచిదే అయింది. నిబంధనలు రాయవలసిన అవసరం అప్పుడే అందరికీ కనబడింది.

2014 డిసెంబరులో అహ్మదాబాదుకు చెందిన జైడస్ సంస్థ 'ఎగ్జెంప్షియా' పేరుతో ప్రపంచంలో తొలి అడాలిముమాబ్ బయోసిమిలర్‌ను విడుదల చేసింది. 2018లో హైదరాబాదు హెటిరో కూడా తన అడాలిముమాబ్ తెచ్చింది.

ఎగ్జెంప్షియా ధర విడుదలప్పుడు ఒక సూదికి 200 డాలర్లని ప్రకటించారు. అమెరికాలో అసలు మందు ధర అప్పట్లో సుమారు 1,000 డాలర్లు. ఐదో వంతు! పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. మనం లెక్క వేద్దాం. అప్పటి మారకం విలువలో 200 డాలర్లంటే సుమారు 12,600 రూపాయలు. రెండు వారాలకొక సూది చొప్పున ఏడాదికి 26 సూదులు. మొత్తం 3,27,600 రూపాయలు. ఐదో వంతుకు తగ్గినా ఒక గుమాస్తా ఏడాది జీతాన్ని మించిన మొత్తం ఇది. పోటీ పెరిగాక ధరలు ఇంకా తగ్గాయి. అయినా సొంత జేబులోంచి పెట్టుకునే కుటుంబాల్లో చాలామంది మూడో సూదికో నాలుగో సూదికో ఆగిపోతారు. అలా మధ్యలో ఆపిన చికిత్సకు ఖర్చు మిగులుతుంది, ఫలితం మిగలదు.

చవక వేరు, గిట్టుబాటు వేరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆరోగ్య ఆర్థికశాస్త్రంలో 'క్వాలీ' అనే కొలత ఒకటుంది. పూర్తి ఆరోగ్యంతో గడిచిన ఒక ఏడాదిని 1 అనుకుంటాం. నొప్పితో, మంచం మీద సగం విలువే ఉన్నట్టు గడిచిన ఏడాది 0.5. ఒక మందు వల్ల అదనంగా అయిన ఖర్చును, అదనంగా దక్కిన క్వాలీలతో భాగిస్తే ఒక్కో క్వాలీకి ఎంత చెల్లిస్తున్నామో తెలుస్తుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి ఏ ఆసుపత్రివీ కావు. మాత్రల చికిత్సకు ఏడాదికి 12,000 రూపాయలు, రోగి స్థితి 0.60. బయలాజికల్ సూది వాడితే స్థితి 0.75. అసలు బ్రాండు సూదికి ఏడాదికి 4,00,000 అనుకుంటే అదనపు ఖర్చు 3,88,000. దాన్ని 0.15తో భాగిస్తే ఒక క్వాలీకి సుమారు 25,87,000 రూపాయలు. బయోసిమిలర్ ధర 1,20,000 అయితే అదనపు ఖర్చు 1,08,000, క్వాలీకి 7,20,000. బాగా తగ్గింది. అయితే అది తక్కువా ఎక్కువా అన్నది దేనితో తేల్చుతాం? మన దేశంలో ఇలాంటి మదింపులకు తలసరి జాతీయోత్పత్తిని కొలబద్దగా తీసుకుంటారు. అది ఇప్పుడు 2 లక్షలకు కొంచెం పైన. ఆ లెక్కన 7,20,000 ఇంకా దూరమే. ఒక క్వాలీకి 2 లక్షలు కావాలంటే సూదుల ధర ఏడాదికి 42,000కు దిగాలి.

ఇప్పుడు ప్రశ్నను మార్చండి. ఈసారి మాత్రలన్నీ సరైన మోతాదులో వాడినా పనిచేయని రోగిని తీసుకుందాం. ఆమె స్థితి 0.45. సూదితో 0.75. లాభం 0.30. అదే 1,20,000 ధరకు క్వాలీ ఖర్చు 3,60,000కు, అంటే సరిగ్గా సగానికి, దిగింది. మందు అదే, ధర అదే. మారింది రోగి ఒక్కరే. బయోసిమిలర్ గిట్టుబాటు అవుతుందా అని ఎవరైనా అడిగితే 'ఎవరికి, దేనితో పోల్చి?' అని తిరిగి అడగండి.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. అమెరికా, కెనడాలలో 353 మంది మీద జరిగి 2013లో వెలువడిన ఒక పరీక్షలో, మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలని రోగుల్లో కొందరికి మిగతా రెండు మాత్రలు కలిపారు, కొందరికి ఎటనర్‌సెప్ట్ సూది కలిపారు. 24 వారాల తర్వాత మెరుగుపడనివాళ్లను రెండో పద్ధతికి మార్చారు. ఏడాది చివర రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ అంకెల మీద 2017లో కట్టిన లెక్కలో, సూదితోనే మొదలుపెట్టడం వల్ల దక్కే ఒక్కో అదనపు క్వాలీకి మొదటి 24 వారాల్లో సుమారు 27 లక్షల డాలర్లు తేలాయి. అంటే మూడు మాత్రలూ వాడి చూడకుండా సూదికి పరుగెత్తడం బయోసిమిలర్ ధరకైనా దండగే. మాత్రలు చాలవని తేలాక కూడా డబ్బు లేక నెలల తరబడి వాటితోనే సరిపెట్టడం ఇంకో రకం దండగ. మన దగ్గర ఎక్కువగా జరిగేది రెండోదని నా అభిప్రాయం.

ధర దిగితే ఏం జరుగుతుందో ఇంగ్లండులో కనిపించింది. అక్కడి మదింపు సంస్థ నైస్ ఒక క్వాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్ల దాకా సమంజసమని చాలా ఏళ్లపాటు పాటించింది. ఆ లెక్కన టీఎన్ఎఫ్ మందులు తీవ్రమైన జబ్బుకే అందేవి. బయోసిమిలర్ల పోటీతో ధరలు పడిపోయాక, 2021 జులైలో, మధ్యస్థ స్థాయి జబ్బుకు కూడా అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇవ్వవచ్చని చెప్పింది. మందులో కొత్తదనం ఏమీ లేదు. ధర ఒక్కటే మారింది. నార్వేలో 2015 టెండరులో ఇన్‌ఫ్లిక్సిమాబ్ బయోసిమిలర్ అసలు మందు ధరకంటే 69 శాతం తక్కువకు వచ్చింది.

పోలిక నిజమేనా?

అంత చవకగా వస్తే అనుమానం రావడం సహజం. నార్వే ప్రభుత్వమే సొంత డబ్బుతో పరీక్ష జరిపించింది. అసలు ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద నిలకడగా ఉన్న 482 మందిలో సగం మందిని బయోసిమిలర్‌కు మార్చి ఏడాది చూశారు. జబ్బు ముదిరినవాళ్లు అసలు మందు మీద 26 శాతం, బయోసిమిలర్ మీద 30 శాతం. తేడా 15 శాతం దాటకూడదని ముందే గీత గీసుకున్నారు. దాటలేదు. 2017లో ఫలితం వచ్చింది. అయితే ఆ 482 మందిలో కీళ్లవాతంతో సహా ఆరు రకాల జబ్బులవాళ్లు ఉన్నారు. ఒక్కో జబ్బుకు విడిగా తీర్పు చెప్పేంత సంఖ్య లేదు. ఇలాంటి షరతులు చదవకుండా శీర్షిక మాత్రమే చదవడం సైన్సు విద్యార్థికి తగని అలవాటు.

మన దేశంలో ఎగ్జెంప్షియాను అసలు మందుతో పోల్చిన పరీక్షలో 120 మంది రోగులు, 12 వారాలు. ఫలితాలు దగ్గరగానే వచ్చాయి. వాపు తగ్గిందా లేదా చూడటానికి ఆ సంఖ్య సరిపోవచ్చు. వెయ్యిలో ఒకరికి వచ్చే దుష్ఫలితాన్ని 120 మందిలో వెతకలేం. దానికి మందు బజారులోకి వచ్చాక ఏళ్ల తరబడి నమోదు చేస్తూ పోవాలి. ఆ పని మన దగ్గర ఇంకా పలచగానే ఉంది.

నార్వే లెక్కను మనం అలాగే దించుకోకూడదనడానికి ఇంకొక పెద్ద కారణం క్షయ. టీఎన్ఎఫ్ అనేది ఊపిరితిత్తుల్లో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను గోడకట్టి ఉంచే పనిలో ఉంటుంది. దాన్ని అడ్డుకుంటే గోడ కూలవచ్చు. బ్రిటన్ రోగుల నమోదు నుంచి 2010లో వచ్చిన అంకెల ప్రకారం లక్ష మందికి ఏడాదికి క్షయ కేసులు ఎటనర్‌సెప్ట్ మీద 39, ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద 136, అడాలిముమాబ్ మీద 144. క్షయ తక్కువగా ఉండే దేశంలోనే ఇంత తేడా. మన దేశంలో సూది మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పనిసరి. అవసరమైతే కొన్ని నెలలు క్షయ నివారణ మందులు కూడా. ఆ ఖర్చులు, ఆ ప్రయాణాలు మన లెక్కలో కలపాలి. యానాం నుంచి పుదుచ్చేరికి తోడుగా వచ్చే కొడుకు కోల్పోయే కూలి కూడా కలపాలి. మందు కంపెనీ పట్టికలో ఇవి కనిపించవు.

ఖర్చు తగ్గించడానికి కొత్త కర్మాగారమే అక్కర్లేదు. రిటుక్సిమాబ్‌ను మొదట 1,000 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాల తేడాతో రెండుసార్లు ఇచ్చేవారు. 500 చొప్పున రెండుసార్లు ఇచ్చినా గుణం కనిపించిందని 2006 నాటి పరీక్షలోనే తేలింది. మన దేశంలో చాలామంది వైద్యులు ఈ తక్కువ మోతాదునే ఎంచుకుంటారు. బయోసిమిలర్ ధర సగం, మోతాదు సగం. మొత్తం పావు వంతు. ఇక టోఫాసిటినిబ్ వంటి నోటి మాత్రలు జెనెరిక్‌గా ఇంకా చవక. కానీ ఆ మందు వాడిన 50 ఏళ్లు దాటిన రోగుల్లో గుండె జబ్బులు, క్యాన్సర్లు కొంత ఎక్కువ కనబడటంతో అమెరికా నియంత్రణ సంస్థ 2021లో గట్టి హెచ్చరిక జారీచేసింది. చవక కదా అని అందరికీ ఇచ్చేయలేం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అడాలిముమాబ్‌ను, దాని బయోసిమిలర్లతో సహా, అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. జాబితాలో చేరడానికీ, జిల్లా ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉండటానికీ మధ్య టెండరు, బడ్జెట్, చల్లగా ఉంచే రవాణా అన్నీ ఉన్నాయి.

అభ్యాసం

ఒక ఆసుపత్రికి కీళ్లవాతం సూదుల కోసం ఏడాదికి 60 లక్షల రూపాయలు మంజూరయ్యాయనుకోండి. ఒక్కో రోగికి సూదుల ఖర్చు 1,20,000, క్షయ పరీక్షలకు 3,000. ఎంతమందికి ఏడాది పొడవునా మందు అందుతుంది? టెండరులో సూదుల ధర 72,000కు దిగితే ఇంకా ఎంతమంది చేరతారు? వరుసలో 200 మంది ఉన్నారు. వాళ్లలో జబ్బు మొదలై ఏడాది కానివాళ్లు ఉన్నారు, పదేళ్లు దాటి వేళ్లు వంగిపోయినవాళ్లు ఉన్నారు, మూడు మాత్రలూ ఇంకా వాడి చూడనివాళ్లు ఉన్నారు. ఎవరిని ముందు పిలుస్తారో, ఎందుకో, పై పాఠంలోని అంకెల ఆధారంగా ఒక పుటలో రాయండి.